మందులు వాడుతూ మళ్ళీ అమ్మ కావచ్చా?

ఈ వారం ఒకే ఒక్క ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. పొడుగైనందుకు మిగిలిన పాఠకులు మన్నించాలి. రాసిన సోదరి తన పేరు, ఊరు వేయవద్దని కోరారు. వేయడం లేదు.

"నాకు 26 ఏళ్ళు. పాపకి ఐదో ఏడు. పాప కడుపులో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో నాకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసింది. తరవాత మావారికీ ఉందన్నారు. ఆనాటి నుంచీ ఇద్దరం ఒక్క పూటయినా మానకుండా మందులు వాడుతున్నాం. పాపకి 18 నెలలు నిండాక ఆఖరి పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఇంకొక బిడ్డ కావాలని మా ఇద్దరికీ ఉంది. మొన్న కడుపునొప్పి అని ఒక నర్సింగ్ హోముకి వెళితే అక్కడి సిస్టరు నా కాగితాలు చూసి, 'మీలాంటి వాళ్ళకి మళ్ళీ పిల్లలేమిటి? ఆపరేషన్ చేయించేసుకో' అంది, నలుగురూ వింటుండగా. మా అత్తగారికి ఈ జబ్బు సంగతి తెలియదు. ఆమె మనవడు కావాలంటారు. నేను కనవచ్చా? అంతవరకూ గర్భం రాకుండా ఏం వాడాలి? అత్తగారికి చెప్పి తీరాలా?"

అమ్మా, మొదటి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. కనవచ్చు. కాకపోతే ఎప్పుడు కనాలన్నది చూసుకోవాలి.

ఆ సిస్టర్ని తప్పు పట్టే ముందు నా సంగతి చెప్పుకోవాలి. 2000 ప్రాంతంలో, నెల తప్పి మూడో నెలలో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. రక్తంలో హెచ్.ఐ.వి. ఉందని తేలింది. గర్భం తీయించుకోమని, పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకోమని నేనే చెప్పాను. ఆ పిల్ల తల ఊపింది. ఒప్పుకోవడమంటే అంతేననుకున్నాను. అప్పట్లో మందులు కొనగలిగినవారు బహుకొద్దిమంది. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఎనిమిదేళ్ళ తరవాత ఆ అమ్మాయి మళ్ళీ కనిపించింది. మందులు వాడుతూ నిక్షేపంగా ఉంది. "ఆ ట్యూబులు మళ్ళీ కలపడం కుదురుతుందా డాక్టరుగారూ?" అని అడగడానికి వచ్చింది. కుదరలేదు.

అందుకే చెబుతున్నాను. ఇవాళ ఎవరూ మీచేత అలా తల ఊపించడానికి వీల్లేదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఈ జబ్బు ఉన్న గర్భిణీకి, అన్నీ వివరంగా తెలియజెప్పి ఆమె సమ్మతి తీసుకోకుండా గర్భం తీయకూడదు, ఆపరేషన్ చేయకూడదు. మీ జబ్బు సంగతి నలుగురిలో బయటపెట్టడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే. ఇది మన దేశపు బాధ మాత్రమే కాదు. ఆఫ్రికాలోని నమీబియాలో ముగ్గురు స్త్రీలు తమకి సరైన సమ్మతి లేకుండా ఆపరేషన్ చేశారని కోర్టుకెక్కారు. 2014లో ఆ దేశపు సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పు చెప్పింది.

ముహూర్తం ఎప్పుడు?

తల్లి నుంచి బిడ్డకి ఈ క్రిమి మూడు దారుల్లో వెళుతుంది. కడుపులో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో, పాల ద్వారా. ఏ వైద్యమూ లేకపోతే నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మంది దాకా దీని పాలపడతారు. తల్లి మందులు వాడితే ఆ సంఖ్య ఐదుకి లోపు. గర్భం రాకముందు నుంచే మందులు వాడుతూ, రక్తంలో క్రిమి అణిగిపోయి ఉంటే, కడుపులోనూ కాన్పులోనూ బిడ్డకి సోకే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. మొదటిసారి మీకు గర్భంలో ఉండగా తెలిసింది. ఈసారి ముందే తెలుసు. అదే మీకు పెద్ద బలం.

రక్తంలో క్రిమి ఎంత ఉందో చెప్పే పరీక్షని వైరల్ లోడ్ అంటారు. ఎ.ఆర్.టి. సెంటర్లో అడిగి మీరూ మీవారూ ఇద్దరూ చేయించుకోండి. ఇద్దరికీ క్రిమి కనిపించనంతగా తగ్గి ఉంటే అదే మంచి సమయం. అత్తగారు పంచాంగం చూస్తే చూడనివ్వండి, మీరు మాత్రం ఆ కాగితం చూసుకోండి. క్షయ, సుఖవ్యాధుల పరీక్షలు, రక్తం ఎంత ఉందన్న పరీక్ష కూడా అప్పుడే అయిపోవాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందే మొదలుపెట్టాలి.

భార్యాభర్తల్లో ఒకరికే జబ్బు ఉన్న ఇళ్ళవారికీ ఒక మాట. మందులు క్రమంగా వాడుతూ వైరల్ లోడ్ కనిపించని స్థితిలో నిలిచి ఉన్నవారి నుంచి సంసారం ద్వారా రెండోవారికి సోకదు. ఇది పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలిన విషయం. ఇలాంటి దంపతులు కూడా డాక్టరు సలహాతో బిడ్డను కనవచ్చు.

గర్భం వచ్చిందని మందు మానేవాళ్ళు ఇంకా ఉన్నారు. మానకండి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర. డోలుటెగ్రావిర్ వల్ల పిండానికి వెన్నులో లోపం వస్తుందేమోనని 2018లో ఒక భయం పుట్టింది. తరవాత ఇంకా ఎక్కువమంది గర్భిణుల వివరాలు చూస్తే ఆ భయం నిలవలేదు.

కానీ మందు పనిని చెడగొట్టేవి మరి రెండున్నాయి. వాటి గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. గర్భిణీలందరికీ ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర. ఖాళీ కడుపున ఈ మాత్రలతో కలిపి డోలుటెగ్రావిర్ మింగితే అది రక్తంలోకి సరిగా ఎక్కదు. ఐరన్, కాల్షియం వేసుకోవడానికి రెండు గంటల ముందు గాని, వేసుకున్న ఆరు గంటల తరవాత గాని ఆ మందు మింగండి. అంత లెక్క కుదరకపోతే అన్నం తింటూ కలిపి వేసుకున్నా ఫరవాలేదు. కడుపులో మంటకి వాడే ఎంటాసిడ్ మందుల్ని మాత్రం అన్నంతో కూడా కలపవద్దు, గంటల ఎడం పాటించాల్సిందే.

కాన్పు మామూలుగా కావచ్చు. వైరల్ లోడ్ అణిగి ఉంటే జబ్బు పేరు చెప్పి పొట్ట కోయనక్కరలేదు, వేరే కారణముంటే తప్ప. పాల సంగతి మీకు పాప నాడే తెలుసు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. మధ్యలో తేనె, చక్కెర నీళ్ళు, పోతపాలు ఏవీ వద్దు. అదీ ఇదీ కలిపి పట్టడం అన్నిటికన్నా చెడ్డది. బిడ్డకి నెవిరపిన్ చుక్కలు ఎన్ని వారాలో డాక్టరు చెబుతారు. ఆరో వారం రక్తపరీక్ష మరవకండి.

అంతవరకూ ఏం వాడాలి?

నిరోధ్ మానవద్దు. మరో సుఖవ్యాధి రాకుండా కాపాడేది అదొక్కటే. కానీ గర్భం రాకుండా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే, నిజ జీవితంలో జనం వాడే తీరు చూస్తే, ఏడాదిలో నూరుమందిలో సుమారు 13 మందికి గర్భం వస్తోంది. కాబట్టి దానికి మరొకటి తోడుండాలి.

మీలాగా మందులతో ఆరోగ్యంగా ఉన్నవారు కాపర్-టి వేయించుకోవచ్చు. ఏ మందూ దాని పనికి అడ్డం రాదు, తీయించేస్తే గర్భం వస్తుంది. మూడు నెలలకొకసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అయితే అది మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. త్వరలో కనాలనుకునే మీకు అది అంత నప్పదు. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలు డోలుటెగ్రావిర్‌తో పాటు వాడవచ్చు. కాని క్షయకి వాడే రిఫాంపిసిన్ ఆ మాత్రల బలం తగ్గిస్తుంది. పాత మందుల్లోని ఎఫవిరెంజ్ చేతిలో అమర్చే ఇంప్లాంట్ బలం తగ్గిస్తుంది. కాబట్టి గర్భం రాకుండా మందు రాసే డాక్టరుకి మీరు వాడే మందుల పుస్తకం చూపించాలి. దాచిపెట్టి లాభం లేదు.

ఆపరేషన్ గురించి కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయినవారిలో నూటికి దాదాపు 70 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్ అయిపోయింది. ఇద్దరు పిల్లలు చాలనుకున్నవారికి అది మంచి పద్ధతే. చిక్కేమిటంటే, ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో నిరోధ్ మాట వినపడదు. ట్యూబులు కోసినంత మాత్రాన రోగాలు ఆగవు. మగవారికి చేసే ఆపరేషన్ ఇంతకన్నా చిన్నది. దాని ఊసెత్తే మగాడు మాత్రం కనబడడు.

మీరు అడగని విషయం ఒకటుంది. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకి గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్ మిగిలినవారికన్నా ఆరురెట్లు ఎక్కువగా వస్తుంది. 25వ ఏటి నుంచే, మూడు నుంచి ఐదేళ్ళకొకసారి పరీక్ష చేయించుకోవాలి. కొద్ది నిమిషాల పని, నొప్పి పెద్దగా ఉండదు. మీకు 26 వచ్చాయి. గర్భం రాకముందే చేయించుకోండి.

ఇక అత్తగారి మాట. ఆవిడకి చెప్పి తీరాలని ఏ చట్టమూ అనలేదు. చెప్పాలా, ఎప్పుడు చెప్పాలన్నది మీరూ మీవారూ కలిసి తేల్చుకోండి. మనవడి సంగతంటారా, ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజమే గనక ఆ ప్రశ్న ఆవిడ కొడుకుని అడగాలి. కాన్పు చేసే డాక్టరుకి మాత్రం తప్పకుండా చెప్పండి. ఏ సందేహం వచ్చినా 1097 నంబరుకి ఫోన్ చేయవచ్చు. పేరు చెప్పనక్కరలేదు, డబ్బు పడదు.

మన ఇళ్ళలో కాన్పుకి పుట్టింటికి పంపుతారు గదా, చాలామందికి మందు ఆగిపోయేది అక్కడే. ప్రయాణానికి ముందే ఎ.ఆర్.టి. సెంటర్లో చెప్పి, పుట్టింటికి దగ్గరలో మందులు దొరికే చోటికి కాగితం రాయించుకోండి. సంచిలో ముందు మందుల పుస్తకం, మాత్రల డబ్బా పెట్టండి. చీరలు తరవాత సర్దుకోవచ్చు.