పురాణం మాట, నాణెం మాట

మన ప్రాచీన చరిత్ర గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినిపిస్తాయి. అవన్నీ పుక్కిటి పురాణాలు, వాటిలో చరిత్ర వెతకడం వృథా అనేది మొదటిది. రాజుల పేర్లు, ఏలిన ఏళ్లు అన్నీ పురాణాల్లోనే ఉండగా మట్టిపెంకుల్ని నమ్ముకోవడం దేనికి అనేది రెండోది. పైకి ఈ రెండూ బద్ధ విరోధుల్లా కనిపిస్తాయి కానీ రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒక్కటే: గ్రంథాన్ని మొత్తంగా నమ్మాలి, లేదంటే మొత్తంగా పక్కన పెట్టాలి అనుకోవడం. న్యాయస్థానంలో ఇద్దరు సాక్షులుంటే ఒకరి మాట మరొకరికి వినిపించి సాక్ష్యం చెప్పించరు. విడివిడిగా ప్రశ్నిస్తారు. ఎవరికేం తెలుసు, ఎలా తెలిసింది, ఎప్పుడు చెప్పారు అని ఆరా తీస్తారు. గ్రంథాన్నీ తవ్వకాన్నీ కూడా అలాగే విచారించాలి. అప్పుడే అవి ఏకీభవించిన చోట ఆ ఏకీభావానికి విలువ ఉంటుంది. ఈ మాట తేల్చి చెప్పడానికి మన గడ్డమీది శాతవాహనుల కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

అపోహ: పురాణాల్లోని రాజవంశాలన్నీ కల్పితాలే

పురాణానికి ఐదు లక్షణాలు చెప్పారు: సర్గ, ప్రతిసర్గ, వంశం, మన్వంతరం, వంశానుచరితం. సృష్టి గురించి, మనువుల గురించి చెప్పే భాగాలతో చరిత్రకారుడికి నేరుగా పని లేదు. రాజుల వరుసలు చెప్పే వంశానుచరితం మాత్రం వేరే జాతి సమాచారం. మత్స్య, వాయు, బ్రహ్మాండ, విష్ణు, భాగవత పురాణాలు కలియుగ రాజుల జాబితాల్లో శాతవాహనుల్ని ఆంధ్రరాజుల పేరిట చేర్చాయి. అదంతా జోస్యం రూపంలో, ‘ఏలబోతారు’ అన్న ధోరణిలో ఉంటుంది. ఆ వంశానికి మూలపురుషుడి పేరు ఒక పురాణంలో శిశుకుడు, మరొక దానిలో సింధుకుడు, ఇంకొక దానిలో శిప్రకుడు. ఇన్ని రకాలుగా చెప్పిన పేరును కల్పితమని కొట్టిపారేయడం ఎవరికైనా తేలికే. అయితే మహారాష్ట్రలో జున్నర్ దగ్గరి నానేఘాట్ కనుమలో ఒక గుహ ఉంది. అందులో ఒకప్పుడు రాజకుటుంబం విగ్రహాలు ఉండేవి. విగ్రహాలు పోయాయి కానీ వాటి పైన చెక్కిన పేర్లు మిగిలాయి. వాటిలో ఒకటి రాజు సిముక శాతవాహనుడిది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో దొరికిన నాణేలపైన కూడా ఆ పేరే ‘చిముక’ అన్న రూపంలో కనిపించింది. వాటిని చదివి లోకానికి తెలియజేసిన వారు శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. పురాణం రెండో రాజుగా చెప్పిన కృష్ణుడు నాసిక్ గుహలో ‘కణ్హ’ రాజుగా ఉన్నాడు. గోదావరి పుట్టిన చోటికి దగ్గర్లో ఒక ఆధారం, అదే నది తెలంగాణలో పారే చోట మరొకటి. పురాణం రాసినవారు ఈ రాళ్లను చూసి రాయలేదు, రాళ్లు చెక్కినవారు పురాణం చూసి చెక్కలేదు. అందుకే ఈ పొందికకు బరువుంది.

జాబితా చివరి భాగం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి 29 ఏళ్లు ఏలాడని పురాణం లెక్క. బాపట్ల జిల్లా చినగంజాంలో దొరికిన శాసనం అతని 27వ పాలనా సంవత్సరానిది. ఆ తరువాతి విజయుడికి పురాణం ఇచ్చింది 6 ఏళ్లు. నాగార్జునకొండలో దొరికిన విజయ శాతకర్ణి శాసనం ఆరో సంవత్సరానిది. 2019లో గుంటూరు జిల్లా చేబ్రోలులో అదే విజయుడి ఐదో సంవత్సరపు సంస్కృత శాసనం బయటపడింది. క్రీ.శ. 207 నాటి ఆ శాసనం సప్తమాతృకల ఆలయ నిర్మాణాన్ని చెబుతుంది. విజయుడి తరువాత పురాణం చెప్పే చంద్రశ్రీ పేరు పిఠాపురం దగ్గరి కొడవలి శాసనంలో ఉంది. కట్టుకథ అయితే ఈ వరుస, ఈ అంకెలు ఇలా కుదరవు.

అపోహ: అలాగైతే పురాణం చెప్పిన లెక్కలన్నీ నిజమే

ఇక్కడే తొందరపడకూడదు. మొదటి రాజులు, చివరి రాజులు శాసనాల్లో కనిపించారు సరే, నడిమి వారి సంగతేమిటి? లంబోదరుడు, మేఘస్వాతి, స్కందస్వాతి, మృగేంద్రుడు, మంతలకుడు, సుందరుడు, చకోరుడు... ఈ వరుసలో చాలామందికి ఇప్పటివరకూ ఒక్క శాసనమూ లేదు. ఆపీలకుడి నాణెం ఒకటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో దొరికింది. హాలుడు ప్రాకృత గాథల సంకలనకర్తగా మనకు తెలుసు. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. ఇంకో వైపు, మహారాష్ట్ర అకోలా ప్రాంతంలో తర్హాళ వద్ద 1939లో దొరికిన నాణేల కుప్పలో కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి అన్న పేర్లున్నాయి. వీళ్ల ఊసు పురాణాల్లో లేదు. మొత్తం కాలాన్ని మత్స్యపురాణం 460 ఏళ్లుగా చెబితే, వాయుపురాణపు ఒక పాఠం 300 ఏళ్లంటుంది. ముప్పైమంది రాజులని చెబుతూనే కొన్ని ప్రతులు ఇరవై పేర్లు కూడా ఇవ్వవు. అందుకే శాతవాహనుల ఆరంభాన్ని క్రీ.పూ. మూడో శతాబ్దానికి తీసుకెళ్లే చరిత్రకారులూ, క్రీ.పూ. మొదటి శతాబ్దానికి దించే చరిత్రకారులూ ఉన్నారు. ఇద్దరి చేతిలో ఉన్నదీ పురాణమే. నాణేలు దొరికిన మట్టి పొరల్ని, శాసనాల లిపిని పట్టి చూస్తే తక్కువ కాలం చెప్పేవారి వాదానికే బలమెక్కువని నా అభిప్రాయం.

జాబితా చివర ఇంత నమ్మకంగా ఉండి, మధ్యలో ఇంత మసకగా ఎందుకుంది? ఈ జాబితాలు ఇప్పటి రూపానికి వచ్చింది క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ప్రాంతంలో. యజ్ఞశ్రీ, విజయుడు అప్పటికి నిన్నమొన్నటి రాజులు. అంతకు మూడు వందల ఏళ్ల వెనకటి వాళ్ల పేర్లు నోటి నుంచి నోటికి, ప్రతి నుంచి ప్రతికి వస్తూ అరిగాయి. వేర్వేరు చోట్ల ఒకే కాలంలో ఏలిన వాళ్లను కూడా ఒకరి తరువాత ఒకరుగా పేర్చే అలవాటు ఈ జాబితాలకు ఉంది. దాంతో ఏళ్లు పెరిగిపోతాయి. గ్రంథం ఏ కాలం గురించి చెబుతోంది అన్నదొక్కటే చూస్తే చాలదు, ఏ కాలంలో కూర్పు పొందింది అన్నదీ చూడాలి. ఉదాహరణకు, ఐహోళె శాసనంలో కవి రవికీర్తి మహాభారత యుద్ధం జరిగి 3735 ఏళ్లయిందని రాశాడు. ఆ శాసనం క్రీ.శ. 634 నాటిది. ఏడో శతాబ్దపు పండితులు యుద్ధం ఎప్పుడు జరిగిందని నమ్మేవారో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. యుద్ధం అప్పుడే జరిగిందనడానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

అపోహ: అశోకుడి కాలాన్ని పాశ్చాత్యులు కావాలని ముందుకు జరిపారు

ఈ వాదానికి తెలుగులో గట్టి చరిత్రే ఉంది. కోట వెంకటాచలం జీవితమంతా పురాణ కాలగణనకు ధారపోసిన పండితుడు. అలెగ్జాండర్ కాలం నాటి రాజుగా గ్రీకులు చెప్పిన సాండ్రోకోటస్ మౌర్య చంద్రగుప్తుడు కాడు, గుప్తవంశపు చంద్రగుప్తుడని ఆయన వాదించారు. ఆ లెక్కన మౌర్యులు క్రీ.పూ. 16వ శతాబ్దానికి వెళ్తారు. వలస పాలకుల చరిత్ర రచనలో దురుద్దేశాలు ఉన్నాయన్న ఆయన అనుమానం నిరాధారం కాదు. జేమ్స్ మిల్ వంటివారు ఈ దేశంలో అడుగు పెట్టకుండానే ఈ దేశ చరిత్ర రాసి, మనకు చరిత్ర స్పృహే లేదని తీర్పిచ్చారు. ఆ అవమానానికి జవాబు చెప్పాలన్న ఆవేదనను గౌరవించాలి. కానీ ఆవేదన కాలాన్ని నిర్ణయించలేదు. మౌర్యుల కాలం ఆధారపడింది గ్రీకుల మాట ఒక్కదాని మీదే కాదు, అశోకుడి సొంత మాట మీద కూడా. తన పదమూడో శిలాశాసనంలో అశోకుడు ఐదుగురు సమకాలిక రాజుల్ని పేర్కొన్నాడు: అంతియోకుడు, తురమాయుడు, అంతెకినుడు, మకుడు, అలికసుందరుడు. సిరియా, ఈజిప్టు, మాసిడోనియా, సైరీన్ వంటి రాజ్యాల్ని ఏలిన ఆంటియోకస్, టాలమీ, ఆంటిగోనస్, మగాస్, అలెగ్జాండర్ అనే పేర్లు గల ఐదుగురు రాజులూ ఒకే సమయంలో బతికి ఉన్న కాలం క్రీ.పూ. మూడో శతాబ్దపు మధ్యభాగం. మగాస్ క్రీ.పూ. 250 ప్రాంతంలో చనిపోయాడు.

ఆ పేర్లు వాయవ్య భారతంలోని యవన సామంతులవి కావచ్చు కదా అని ఒక అభ్యంతరం ఉంది. ఒక్క పేరైతే కావచ్చు అనుకోవచ్చు. ఐదు పేర్లూ కలిసి ఒకే తరంలో గ్రీకు లోకంలో కనిపిస్తుంటే ఆ వివరణ నిలవదు. పైగా 1958లో అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్‌లో అశోకుడి శాసనం ఒకటి గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ దొరికింది. అలెగ్జాండర్ ది గ్రేట్ దండయాత్రకు ముందు ఆ ప్రాంతంలో గ్రీకు భాషలో రాజశాసనం వేయించాల్సిన అవసరమే లేదు. పురాణ లెక్క అశోకుణ్ణి పెట్టే క్రీ.పూ. 15వ శతాబ్దంలో అయితే గ్రీకు లిపే పుట్టలేదు. ఇదంతా ఎక్కడో ఉన్న సమాచారం కూడా కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. పాశ్చాత్యులు వచ్చి చెక్కినవి కావవి.

ఇదే అశోకుడి కథ మరో పాఠం కూడా నేర్పుతుంది. పురాణాలకు అతను జాబితాలో ఒక పేరు, కొన్ని ఏళ్లు. బౌద్ధ గ్రంథాలకు మహానాయకుడు. శాసనాల్లోని ‘దేవానాంపియ పియదసి’ ఎవరో తెలియక తికమకపడుతున్నప్పుడు, ఆ బిరుదు అశోకుడిదేనని 1837లో దారి చూపింది సింహళంలోని బౌద్ధ గ్రంథమే. 1915లో రాయచూరు దగ్గరి మస్కిలో అశోకుడి పేరే ఉన్న శాసనం దొరికి ఆ గుర్తింపు స్థిరపడింది. గ్రంథం లేకపోతే శాసనానికి యజమాని దొరికేవాడు కాదు. అలాగని సింహళ గ్రంథాలు చెప్పిందే మొత్తం చరిత్ర అనుకుంటే కళింగ యుద్ధం మన చరిత్రలో ఉండేదే కాదు. లక్షమంది చచ్చిపోయి, లక్షన్నర మంది చెరపట్టబడిన ఆ యుద్ధం గురించి, అందుకు రాజు పడిన పశ్చాత్తాపం గురించి ఆ గ్రంథాలు మాట్లాడవు. న్యగ్రోధుడనే బాల సన్యాసి బోధ వల్ల రాజు మనసు మారిందంటాయి. ధర్మ ప్రభావాన్ని చాటడం వాటి లక్ష్యం. తాను చెప్పదలచుకున్నది మాత్రమే చెప్పడం శాసనానికీ అలవాటే. పాటలీపుత్రంలో జరిగిందని గ్రంథాలు చెప్పే మూడో బౌద్ధ సంగీతి ప్రస్తావన శాసనాల్లో లేదు. ఒక చోట ప్రస్తావన లేనంత మాత్రాన అబద్ధమని తీర్మానించడానికి వీల్లేదు.

అపోహ: గ్రంథాలు బొంకవచ్చు, తవ్వకాలు మాత్రం బొంకవు

తవ్వకంలో దొరికిన వస్తువు బొంకదు, నిజమే. కానీ అది తనంతట మాట్లాడదు, మాట్లాడించేది మనిషి. మొహెంజొదారో వీధుల్లో, ఇళ్లలో దొరికిన అస్థిపంజరాల్ని చూసి మార్టిమర్ వీలర్ ఋగ్వేదం తెరిచాడు. కోటల్ని కూల్చే ఇంద్రుడి వర్ణనలు చదివి ఆర్యుల దాడిలో నగరం నాశనమైందని 1947లో ప్రకటించాడు. ఆ అస్థిపంజరాలు ఒకే పొరకు, ఒకే సంఘటనకు చెందినవి కావని, దాడి జరిగిన ఆనవాళ్లే లేవని 1964లో పురావస్తువేత్త జార్జ్ డేల్స్ చూపించాడు. వీలర్ గొప్ప పురావస్తువేత్త, సందేహం లేదు. ఆయన చేసిన తప్పు తవ్వకంలో లేదు, గ్రంథంలోని వాక్యాన్ని ఆ ఎముకలకు తగిలించడంలో ఉంది.

హస్తినాపురం ఇంతకన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సిన ఉదాహరణ. 1950–52లో పురావస్తువేత్త బి.బి. లాల్ అక్కడ తవ్వినప్పుడు బూడిదరంగు మీద నలుపు గీతలున్న మట్టిపాత్రలు వాడిన జనావాసం బయటపడింది. క్రీ.పూ. 800 ప్రాంతంలో గంగ వరద ఆ ఊరిని కోసేసిన గుర్తులు కూడా దొరికాయి. నిచక్షు మహారాజు కాలంలో గంగ హస్తినాపురాన్ని ముంచేస్తే రాజధాని కౌశాంబికి మారిందని పురాణాలు చెబుతాయి. లాల్ ఈ రెండింటినీ కలిపారు. మహాభారత కాలం తేలిపోయిందని చాలామంది సంబరపడ్డారు. ఇక్కడ ఖాయంగా తెలిసింది ఏమిటి? ఊరు ఉంది, వరద వచ్చింది, జనం వెళ్లిపోయారు. వరదను పురాణం గుర్తుపెట్టుకుని ఉండటం అసంభవం కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ దొరికిన పాత్రల మీద కౌరవుల పేరు లేదు, పాండవుల పేరు లేదు. అదే రకం పాత్రలు గంగా యమునా మైదానంలో వందల చోట్ల దొరికాయి. ఇళ్లు మట్టిగోడలవి, తడికలకు మట్టి మెత్తినవి. ఇతిహాసం వర్ణించిన సభలు, సౌధాలు అక్కడ లేవు. అలాగని మహాభారతం అబద్ధమా? ఆ ప్రశ్నే తప్పు. పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు వెయ్యికి పైగా రాతప్రతుల్ని పోల్చి, 1919 నుంచి 1966 దాకా శ్రమించి పరిష్కృత ప్రతిని తయారుచేశారు. అనేక తరాల చేతుల్లో ఆ కావ్యం ఎలా పెరిగిందో ఆ పని వల్ల కళ్లకు కడుతుంది. మట్టిగోడల ఊరి జ్ఞాపకం, తరువాతి కాలపు నగర వైభవం ఒకే పద్యంలో పక్కపక్కన ఉండగలవు. వాటిని విడదీసి చూడటం కావ్యాన్ని తక్కువ చేయడం కాదు.

ఈ విచారణ మన నమ్మకాన్ని గాయపరుస్తుందని బాధపడేవారికి చెప్పవలసిన మాట ఒకటుంది. భక్తితో పారాయణ చేసేవారు పురాణాన్ని తేదీల కోసం చదవరు. తేదీల భారం దాని నెత్తిన పెట్టింది మనమే. ఆ భారం మోయలేకపోతే తప్పు పురాణానిది కాదు.

ఇక సాక్ష్యాన్ని కాపాడే పని మిగిలింది, అందులో పండితుల కన్నా మామూలు జనం పాత్ర పెద్దది. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగిపోయింది, ముంపుకు ముందు ఆదరాబాదరాగా తవ్వి నమోదు చేయగలిగినంతే మనకు దక్కింది. అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాలు ఎన్నో సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. కోటిలింగాల నాణేలు మాత్రం ఆ ఊళ్లో ఒక చరిత్రాభిమాని వాటిని ఏరి భద్రపరిచి, చదవగలిగినవారి చేతికి అందించడం వల్ల మిగిలాయి. నాణెం ఏ చేలో, ఎంత లోతులో, ఏ పెంకులతో కలిసి దొరికిందో తెలియకపోతే దాని సాక్ష్యం సగం పోయినట్లే. మీ పొలంలోనో, పునాది గుంటలోనో పాత నాణేలు, చెక్కిన రాళ్లు దొరికితే కరిగించకండి, అమ్మకండి, కడిగి తోమి మెరుగు పెట్టకండి. దొరికిన చోటును గుర్తుపెట్టుకుని తహశీల్దారుకో, పురావస్తు శాఖకో తెలియజేయండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపడం మన బాధ్యత కూడా.