అమ్మమ్మ బులాకీ... మనవరాలి సెప్టమ్ రింగు

కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని సరాసరి గదిలోకి దూరిపోయింది. రాత్రి అన్నాల దగ్గర విషయం బయటపడింది. ముక్కు రెండు రంధ్రాల మధ్య గోడకి చిన్న రింగు! 'ఎద్దుకి ముకుతాడు వేసినట్టు ఏంటే ఇది?' అని అమ్మ గగ్గోలు. నాన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. మూల కూర్చున్న అమ్మమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని చూసి, 'ఏటి కొత్త? బులాకీయే కదా... మా యమ్మకీ ఉండేది' అనేసింది.

విశాఖలో ఏ ఇంట్లోనైనా జరగగల గొడవే ఇది. ఇందులో అమ్మమ్మదే పైచేయి! అరకు, పాడేరు కొండల్లో సంతరోజున నిలబడి చూడండి. వయసు మళ్ళిన గిరిజన మహిళల్లో చాలామందికి ముక్కుకి రెండు పక్కలా, మధ్యలోనూ కలిపి మూడు కమ్మీలు కనిపిస్తాయి. భరతనాట్యం వేషంలోనూ బులాకీ వేలాడుతుంది. కాకపోతే అక్కడ కుట్టించుకునే పనిలేకుండా నొక్కి పెట్టేవే ఎక్కువ. అసలు మన దేశంలో ముక్కు ఆభరణాలకే సుమారు వెయ్యేళ్ళకి మించి వయసు లేదని పండితుడు పి.కె.గోడే వాదించారు. 1970ల్లో లండన్ పంక్ కుర్రకారు ముఖాలకి పిన్నులూ రింగులూ పెట్టుకుని పెద్దల్ని హడలగొట్టేనాటికి మన కొండల్లో అది పెళ్ళయిన ఆడవాళ్ళ మామూలు నగ.

సరే, నగ పాతదే. పుండు మాత్రం ఎప్పుడూ కొత్తదే!

ముక్కు దూలం కింది భాగంలో, గట్టి మృదులాస్థికి ముందు పల్చటి చర్మపు పొర ఉంటుంది. తెలిసినవాళ్ళు సూది దింపేది అక్కడే. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి గానీ నొప్పి రెండు మూడు సెకన్లే. గురి తప్పి మృదులాస్థిలోకి పోతేనే తంటా. దానికి సొంత రక్తనాళాలు ఉండవు, పైనున్న పొర నుంచే పోషణ అందాలి. ఆ రెంటి మధ్యా రక్తం చేరి గడ్డకడితే పోషణ ఆగిపోతుంది. అలాగే వదిలేస్తే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు నడుమ కుంగిపోవచ్చు. కుట్టించుకున్నాక రెండు రంధ్రాలూ బిగుసుకుపోయినట్టయి, లోపల మెత్తటి వాపు, జ్వరం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఇలా జరగడం అరుదే, కానీ జరిగినప్పుడు ఆలస్యమే కొంప ముంచుతుంది.

ఆలస్యం ఎందుకవుతుందంటే... దాచిపెట్టడం వల్ల! గుర్రపు నాడా ఆకారంలో ఉండే రింగుని పైకి తిప్పేస్తే ముక్కులోకి పోయి కనిపించదు. ఇంట్లో పైకి, కాలేజీలో కిందికి. రోజుకి నాలుగుసార్లు పచ్చిపుండుని కెలికినట్టే. చీము పట్టినా అమ్మకి చెప్పరు. చెప్పకుండా రింగు పీకేస్తే పైన రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది. తిట్లు ఓ పూటకి అయిపోతాయి. ముక్కు అలా కాదు.

సాధారణంగా మానడానికి రెండు మూడు నెలలు. పైకి నెలలోపే మానినట్టు కనిపించి మోసం చేస్తుంది. ఈలోపు చేయాల్సింది తక్కువ, మానుకోవాల్సిందే ఎక్కువ. చేతులు సబ్బుతో కడుక్కుని, మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌తో రోజుకి రెండుసార్లు తడిపితే చాలు. పక్కు గోటితో గిల్లకూడదు. ఇక్కడ అమ్మమ్మకి సగం మార్కులే! పసుపు, ఆముదం, వేపపుల్ల ఇప్పటి డాక్టర్లు వద్దంటారు, అవి పుండులో మురికిని పట్టి ఉంచుతాయి. బంగారు తీగతో కుట్టించడం మాత్రం మంచి పనే, నికెల్ కలవని బంగారం ఒంటికి పడుతుంది. రుషికొండలో సముద్రస్నానాలు కొన్నాళ్ళు బంద్.

స్టీలు సిటీలో స్టీలు గురించి చెప్పాలా అనకండి. మన ఉక్కు ప్లాంటు చువ్వలకీ తీగచుట్టలకీ పేరు. నగల స్టెయిన్‌లెస్ స్టీలు వేరు, అందులో నికెల్ ఉంటుంది. అది పడనివాళ్ళకి దురద, ఎర్రటి దద్దుర్లు. కుట్టిన చోట పెట్టే లోహం నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.2 మైక్రోగ్రాములకి మించి నికెల్ ఊరకూడదని యూరప్ నిబంధన. రోడ్డు పక్క ఇరవై రూపాయల రింగుకి ఏ లెక్కా ఉండదు. ఇంప్లాంట్లకి వాడే టైటానియం అయితే దిగులు లేదు.

కుట్టించుకునే ముందు రెండే విషయాలు చూడాలి. సూది అప్పటికప్పుడు కళ్ళముందే కవరు చింపి తీశారా? గ్లవ్స్ మార్చారా? తుపాకీలాంటి పరికరంతో ముక్కుకి కొట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళనే వద్దు. దాన్ని పూర్తిగా శుభ్రం చేయడం కష్టం. ఒకరి రక్తం ఇంకొకరికి అంటితే హెపటైటిస్-బి, సి రావచ్చు. అందుకే ముక్కూ చెవీ కుట్టించుకున్నవాళ్ళని ఏడాదిపాటు రక్తదానం చేయనివ్వరు. గాయాలకి ఉబ్బెత్తు మచ్చలు, అంటే కెలాయిడ్లు కట్టే ఒళ్ళయితే ముందే చర్మ వైద్యుల్ని అడగాలి.

మూడు నెలలు గడిచి, నొప్పీ తడీ లేకపోతే రింగు మార్చుకోవచ్చు. అమ్మమ్మ ట్రంకుపెట్టెలోని బులాకీ తగిలిద్దామనుకుంటే దాని కొక్కెం కొస ఓసారి వేలితో తడిమి చూడండి. గరుగ్గా ఉంటే కురుపాం మార్కెట్లో కంసాలి చేత నున్నగా సానబట్టించి, శుభ్రం చేయించి తెచ్చుకుంటే సరి.