విత్తన ఎంపికలో విశ్వాసం: రైతు ఎవరి మాట నమ్ముతాడు?

తొలకరికి ముందు పత్తి విత్తన ప్యాకెట్టును చేతిలోకి తీసుకున్న రైతుకు దానిపైనున్న పేరు, బొమ్మ, ధర మాత్రమే కనిపిస్తాయి. గింజ మొలుస్తుందో లేదో తెలియడానికి వారం పది రోజులు, ఎలా కాస్తుందో తెలియడానికి ఐదారు నెలలు పడుతుంది. అప్పటికి సొమ్ము చెల్లిపోయి, అదను దాటిపోయి ఉంటుంది. కనుక విత్తనం కొనడమంటే ఒకరి మాటను నమ్మి కొనడమే. ఆ మాట ఎవరిది, రైతు దానిని ఎందుకు నమ్ముతాడు, విస్తరణ శాస్త్రవేత్త ఆ నమ్మకాన్ని ఎలా పొందగలడు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చూసి కొనేవి, నమ్మి కొనేవి

అమెరికా ఆర్థికవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో సరుకులను రెండు తరగతులుగా విభజించారు. కొనక ముందే పరీక్షించి తెలుసుకోదగినవి మొదటివి, వాడిన తరువాతనే తెలిసేవి రెండవవి. 1973లో మైఖేల్ డార్బీ, ఎడి కార్నీ మూడవ తరగతిని చేర్చారు. వాడిన తరువాత కూడా నాణ్యత స్పష్టంగా తేలని సరుకులు, సేవలు ఇందులోకి వస్తాయి. వీటిని విశ్వాసాధారిత సరుకులు అనవచ్చు.

విత్తనం రెండవ తరగతికి చెందినట్లు కనిపించినా, తరచుగా మూడవ తరగతిలోనికే చేరుతుంది. పూత, కాత రాలిపోయినప్పుడు లోపం విత్తనానిదా, బెట్టదా, పచ్చదోమదా, ఎరువు వేసిన అదనుదా అని ఒక్క పొలాన్ని చూసి తేల్చడం కష్టం. పురుగుమందుల విషయం మరింత జటిలం. పురుగు ఉధృతి తగ్గినది మందు వల్లనా, వాన వల్లనా, మిత్రపురుగుల వల్లనా అని నిర్ధారించాలంటే మందు కొట్టని చాళ్లు పక్కనే ఉండాలి. అవి పరిశోధన స్థానంలో ఉంటాయి, రైతు పొలంలో సాధారణంగా ఉండవు.

డీలరు బలం, బలహీనత

జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో జరిపిన 59వ విడత సర్వేలో, దేశంలోని రైతు కుటుంబాలలో 16.7 శాతం ఇతర అభ్యుదయ రైతుల నుంచి, 13.1 శాతం ఎరువులు, విత్తనాలు, మందులు అమ్మే డీలర్ల నుంచి సాంకేతిక సమాచారం పొందినట్లు తేలింది. విస్తరణ కార్యకర్తల నుంచి పొందినవారు 5.7 శాతం మాత్రమే.

ఈ వరుసను రైతు అజ్ఞానానికి నిదర్శనంగా భావించడం సరికాదు. దుకాణం రోజూ తెరిచి ఉంటుంది. తెగులు సోకిన ఆకును చూపితే అక్కడికక్కడే సమాధానం లభిస్తుంది. సరుకు అరువుపై దొరుకుతుంది. అన్నిటికీ మించి, మాట తప్పితే డీలరు మరునాడు అదే ఊరివారికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. రైతు దృష్టిలో ఇవన్నీ నమ్మదగిన లక్షణాలే. అయితే డీలరు ఆదాయం అమ్మకంపై ఆధారపడి ఉంది. ‘ఈ వారం మందు అవసరం లేదు’ అనే సలహాకు దుకాణంలో ధర లేదు.

ఇక్కడ పరిశోధక విద్యార్థులు ఒక భేదాన్ని గుర్తించాలి. అరువు ఖాతా ఉన్న రైతు, ముఖ్యంగా బ్యాంకు రుణం అందని కౌలు రైతు, మరో దుకాణానికి వెళ్లలేడు. ‘మీరు ఎవరి సలహా పాటిస్తారు?’ అని మాత్రమే అడిగే ప్రశ్నావళి ఆ నిస్సహాయతను కూడా నమ్మకంగా నమోదు చేస్తుంది. ‘చేతిలో నగదు ఉన్నా ఇక్కడే కొనేవారా?’ అనే ప్రశ్న తోడైతేనే ఈ రెండూ వేరుపడతాయి.

పొరుగు పొలం నేర్పే పాఠం

అయోవాలోని రెండు సముదాయాలలో సంకర మొక్కజొన్న వ్యాప్తిపై బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ జరిపిన అధ్యయనం 1943లో వెలువడింది. అక్కడి రైతులలో ఎక్కువమంది ఆ విత్తనాన్ని గురించి మొదట విన్నది అమ్మకందారుల వద్ద. కానీ నిర్ణయానికి ఎక్కువగా తోడ్పడినది పొరుగు రైతుల అనుభవం. తొలుత వేసినవారు కొద్ది విస్తీర్ణంలో పరీక్షించి, ఏటా పెంచుకుంటూ పోయారు.

వరంగల్ జిల్లా పత్తి రైతులపై మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు భిన్నమైన చిత్రాన్ని చూపింది. ఒక్కో గ్రామంలో ఒక్కో రకం అకస్మాత్తుగా ప్రాచుర్యం పొంది, కొద్ది కాలానికే మరుగున పడేది. దీనికి వ్యవసాయపరమైన కారణం కనిపించలేదు. మార్కెట్లో పేర్లు వేగంగా మారుతూ ఉండటంతో రైతు తన పొలంలో పరీక్షించి నేర్చుకునే వ్యవధి తగ్గి, అనుకరణ మిగిలిందని ఆయన వాదించారు.

రెండు చోట్లా రైతు నమ్మినది పొరుగువారినే. అయోవాలో ఆ నమ్మకం వెనుక కళ్లెదుట జరిగిన పరీక్ష ఉంది, వరంగల్‌లో అది క్షీణించింది. పరీక్షకు నిలిచే అవకాశం ఉన్నంతవరకే విశ్వాసం రైతుకు రక్షణ. ఆ అవకాశం పోయినప్పుడు అదే విశ్వాసం నష్టాన్ని ఊరంతటికీ పంచుతుంది.

విస్తరణ శాస్త్రవేత్త చేయదగినవి

మన మాటకు శాస్త్రబలం ఉంది. కానీ సగటు దిగుబడిని చెప్పి, అది ఏ నేలలో, ఎంత వర్షపాతంలో సాధ్యమైనదో చెప్పకపోతే, చెలక భూముల రైతు ఒక్క పంటతోనే మన మాటను తోసిపుచ్చుతాడు. కనుక రైతు స్వయంగా సరిచూసుకోగలిగే సలహాలకు ప్రాధాన్యమివ్వాలి.

1. ఇంటివద్ద మొలక పరీక్ష: 100 గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి, మొలకలు లెక్కించడం నేర్పాలి. ధ్రువీకృత వరి విత్తనానికి కనీస మొలక 80 శాతం. కొత్తగా కోసిన వరికి నిద్రావస్థ ఉండవచ్చునని కూడా చెప్పాలి.

2. ట్యాగు చదవడం: నీలిరంగు ట్యాగు ధ్రువీకరణ సంస్థ తనిఖీకి గుర్తు. ఆకుపచ్చ ట్రూత్‌ఫుల్ లేబుల్ ఉత్పత్తిదారు తానుగా ఇచ్చుకున్న హామీ. ఈ భేదాన్ని వివరించాలి. బిల్లు, లాట్ నంబరు ఉన్న ఖాళీ ప్యాకెట్టు, కొద్ది గింజలు పంట చేతికి వచ్చేవరకు దాచుకుంటే, వివాదం తలెత్తినప్పుడు అవే సాక్ష్యం.

3. పోలిక చాళ్లు: సిఫారసు చేసిన ప్రతి కొత్త రకం పక్కన రైతు పాత రకాన్ని కొన్ని చాళ్లు వేయించాలి. ఫలితం ఎట్లున్నా కోత సమయానికి ఆ పొలానికి తిరిగి వెళ్లాలి. బాగా పండిన పొలంలోనే క్షేత్ర దినోత్సవం జరిపి, పండని పొలం వైపు వెళ్లకపోవడాన్ని గ్రామం గమనిస్తుంది.

4. డీలర్లతో కలిసి పనిచేయడం: హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో డీలర్ల కోసం ‘దేశీ’ డిప్లొమాను ప్రారంభించింది. ఇటువంటి శిక్షణ డీలరు జ్ఞానాన్ని పెంచుతుంది కానీ అమ్మకపు ప్రయోజనాన్ని తొలగించదు. కనుక అమ్మకంతో సంబంధం లేని సలహా గ్రామంలో అందుబాటులో ఉండటం అవసరం.

ముగింపు

రైతును ‘మమ్మల్ని నమ్మండి’ అని కోరడం కంటే, మన మాటను పరీక్షించే సాధనాలను అతని చేతికి అందించడం మేలు. తప్పిన విత్తనం రైతుకు ఒక సంవత్సరపు జీవనాధారం. ఆ నష్టంలో భాగం లేని మనం, కనీసం ఆ పొలం గట్టున నిలిచి ఫలితాన్ని కలిసి లెక్కించగలగాలి. సిఫారసు చేసిన వారి బాధ్యత కోత వరకు కొనసాగినప్పుడే విస్తరణ సేవపై విశ్వాసం పెరుగుతుంది.