అమృతపాణి వేళ్లకు సూక్ష్మజీవుల కాపలా

రావులపాలెం మార్కెట్టుకు ఎన్ని రకాల గెలలు వచ్చినా అమృతపాణి రుచే వేరు. అయినా ఆ పిలక నాటడానికి రైతు జంకుతాడు. పనామా తెగులు, అంటే వడలు తెగులు, ఈ రకాన్ని తేలికగా పట్టుకోవడమే కారణం.

తెగులు సోకితే ముందు అడుగు ఆకులు అంచుల నుంచి పసుపు బారతాయి. తొడిమ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. బోదె అడుగున నిలువునా చీలుతుంది. దుంప కోస్తే ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. ఇక గెల మీద ఆశ వదులుకోవలసిందే. ఈ శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆకుల మీద ఎంత మందు కొట్టినా దానికి తగలదు.

విరుగుడూ నేలలోనే

సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే బాక్టీరియా మొక్కల వేళ్ల చుట్టూ సహజంగానే పెరుగుతుంది. శిలీంధ్రానికి కావలసిన ఇనుమును ఇది ముందే లాక్కుంటుంది. దాని ఎదుగుదలను ఆపే పదార్థాలను స్రవిస్తుంది. మొక్కలోని నిరోధక శక్తిని కూడా మేల్కొలుపుతుంది.

టాల్క్ పొడిలో కలిపిన ఈ బాక్టీరియా పొట్లాలలో దొరుకుతుంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచించిన పద్ధతి ఇది: దుంపలో ఏటవాలుగా 10 సెంటీమీటర్ల లోతు రంధ్రం చేసి, 60 మిల్లీగ్రాముల సూడోమోనాస్ ఉన్న గొట్టం బిళ్లను అందులో పెట్టాలి. నాటిన 2, 4, 6 నెలలలో ఇలా చేయాలి. పొడిని చివికిన పశువుల ఎరువులో కలిపి మొదళ్ల వద్ద వేయడం కూడా ఉంది.

జాగ్రత్తలు

ఇది ముందు జాగ్రత్తే కాని, వడలిన చెట్టును బతికించే మందు కాదు. తెగులు లేని తోట పిలకలనే తేవాలి. ఈ పొడిని రసాయన మందులతో కలపరాదు. ఎండలో ఉంచరాదు, గడువు దాటినది కొనరాదు. తెగులు చెట్టును దుంపతో సహా తీసి నాశనం చేసి, గుంటలో 1 నుంచి 2 కిలోల సున్నం చల్లాలి. ఆ నీరు పక్క మొక్కలకు పారనీయరాదు. తర్వాత వరి వేస్తే తెగులు ఉధృతి తగ్గుతుంది.

గ్రాండ్ నైన్ వేస్తే ఈ బెడద లేదనుకునేవారు. కాని ఆ రకాన్ని కూడా పడగొట్టే టీఆర్-4 అనే రూపం గత దశాబ్దంలో బీహార్ తోటలలో బయటపడింది. రకం మార్చినంత మాత్రాన నిశ్చింత లేదు. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా ఉద్యాన అధికారులకు గాని, కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం వారికి గాని చూపించడం మంచిది.