రాయలవారి దర్బారు ఎక్కడండీ?

హంపి వెళ్ళే తెలుగువాళ్ళు ముందుగా వెతికేది రాయలవారి దర్బారునే! 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) రెంటిలోనూ ఎన్.టి.రామారావే కృష్ణదేవరాయలు. 1991లో 'ఆదిత్య 369'తో ఆ కిరీటం బాలకృష్ణకు దక్కింది. ఆ సింహాసనాలూ, ఆ స్తంభాలూ కళ్ళనిండా నింపుకుని హోస్పేటలో బస్సెక్కాన్నేను.

తీరా చూస్తే ఏముందక్కడ? రాతి అరుగులు! సభామంటపం చోట స్తంభాలు నిలిపిన గుంటలు! కొయ్యతో కట్టిన మేడలన్నీ 1565 యుద్ధం తర్వాత మంటల పాలయ్యాయి. పక్కనున్న పెద్దాయనొకరు "ఇంతేనా బాబూ?" అని నిట్టూర్చారు.

ఇంతే కాదు. హజారరామాలయం గోడల మీద రామాయణం నడుస్తుంది, బొమ్మ వెంట బొమ్మ, అచ్చం రీలు తిరిగినట్టు! మహర్నవమి దిబ్బ ఎక్కితే రాజుగారు దసరా వేడుకలు చూసిన చోట మీరూ నిలబడతారు. విఠలాలయం ముందు రాతి రథం... మన యాభై రూపాయల నోటు మీదిదే! అక్కడి సంగీత స్తంభాలను మాత్రం మీటనివ్వరు. మంచిదే, దెబ్బలు చాలానే తిన్నాయి పాపం. విరూపాక్షుడికి నేటికీ నిత్యపూజలే.

కానీ దర్బారు ఎలా ఉండేదో ఆ రాళ్ళు చెప్పవు. ఊహించి మనకు చూపించింది కళాదర్శకులు. వాళ్ళు వేసిన సెట్లూ షూటింగయ్యాక పడగొట్టేసినవే! మిగిలింది ఫిలిం ఒక్కటే. హంపి రాళ్ళు 1986 నుంచీ యునెస్కో జాబితాలో ఉన్నాయి. మరి ఆ ఫిలిం డబ్బాల సంగతో?