బెజవాడా? ఖమ్మమా?

వీరులపాడు మెట్ట నుంచి కదలాలనుకునే కుటుంబం ఊరి కన్నా ముందు చూసుకోవాల్సింది పిల్లల తరగతి

మిర్చి కల్లాలు ఖాళీ అయ్యాక వీరులపాడు వైపు ఇళ్లలో ఒక మాట లేస్తుంది: పొలం కౌలుకిచ్చి టౌనుకు పోదామా? హైదరాబాద్ అద్దెలు తూగవనుకున్నవాళ్లకు మిగిలేవి బెజవాడ, ఖమ్మం. నందిగామ నుంచి బెజవాడ సుమారు 50 కిలోమీటర్లు. ఇటు మధిర దాటితే ఖమ్మం. మిర్చి బస్తాలకు గుంటూరు యార్డయినా ఖమ్మం యార్డయినా ఒకటే; ధర ఎక్కడుంటే అక్కడికి పోతాయి. కాపురం అలా పోదు, మధ్యలో రాష్ట్ర సరిహద్దుంది.

ఊరు మార్చడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతి కట్టుకున్నాడు. తండ్రి పేరిట జగ్గయ్యపేటను నిలబెట్టాడు. జమీందారు గనక కావలసిన చోట ఊరు కట్టించుకున్నాడు. రెండెకరాల రైతు ఉన్న ఊళ్లలోంచే ఏరుకోవాలి.

తొమ్మిదో తరగతి లెక్క

విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు అక్కడే చదవాలని ఆ ఏడాదే నిబంధన వచ్చింది. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. కాబట్టి ఖమ్మం వెళ్లేదుంటే ఎనిమిది ముగిసేలోపే వెళ్లాలి. పిల్ల పదో తరగతిలో ఉంటే, ఇంటర్ అయ్యేదాకా రాష్ట్రం దాటకపోవడమే మేలు.

నాయనమ్మ పింఛను

ఒకటో తారీఖున గడప దగ్గరికొచ్చే 4,000 రూపాయలు చాలా ఇళ్లలో నాయనమ్మకు ధైర్యం. బెజవాడ ఇదే రాష్ట్రం, ఇదే జిల్లా. ఖమ్మం వేరే రాష్ట్రం. ఆవిడను వెంట తీసుకెళ్తే ఆ పింఛను మీద ఆశ వదులుకోవాలి. వదిలి వెళ్తే, జ్వరమొచ్చిన రాత్రి ఎవరు చూస్తారు?

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ రోజుల్లోనే మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. అదే మున్నేరు 2023 జూలైలో నందిగామ దగ్గర ఐతవరంలో హైవే ఎక్కి, హైదరాబాద్ రాకపోకల్ని ఆపేసింది. అద్దె తక్కువని చెప్పే బ్రోకర్‌ను అడగాల్సింది అడ్వాన్స్ ఎంతని ఒక్కటే కాదు. వరదప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో పక్కింటివాళ్లను కూడా అడగాలి.

రెండింట్లో ఏది గొప్ప ఊరన్న వాదన రచ్చబండకు వదిలేయొచ్చు. చిన్న పిల్లలుండి, పెద్దవాళ్లకు తోడు ఉన్న ఇంటికి ఖమ్మం కూడా దారే. హైస్కూలు పిల్లలు, పింఛను మీద ఆధారపడిన ముసలివాళ్లు ఉన్న ఇంటికి బెజవాడే నయం. ఎటు వెళ్లినా మొదటి ఏడాది పొలం అమ్మకండి; కౌలు కాగితం ఏడాదికి మించి రాయకండి. టౌను అచ్చిరాకపోతే తిరిగి రావడానికి దారుంటుంది.