దెబ్బలు తిన్న పిల్లలు రేపు కొట్టే తల్లిదండ్రులవుతారా? సాయం ఎక్కడ దొరుకుతుంది?

అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోచింగ్ తీసుకునేవారిలో చాలామంది ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదటిసారి. చిన్నప్పుడు తిన్న దెబ్బలు, పడిన మాటలు, ఎవరికీ చెప్పుకోలేని వేధింపులు కొందరిని ఇక్కడికొచ్చాక కూడా వెంటాడతాయి. ‘‘రేపు నాకు పిల్లలు పుడితే నేనూ ఇలాగే చేస్తానా?’’ అన్న భయమూ ఉంటుంది. ఇందులో నిజమెంత? మీకు దగ్గర్లో ఉన్న సేవలేమిటి?

హింస తరం నుంచి తరానికి వస్తుందా?

ముప్పు ఉంది, కానీ తప్పనిసరి కాదు. అమెరికా పరిశోధకులు జోన్ కౌఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 1987లో పరిశీలించారు. బాల్యంలో హింసకు గురైనవారిలో సుమారు 30 శాతం మంది తమ పిల్లలతోనూ అలాగే ప్రవర్తిస్తున్నారని అంచనా వేశారు. అంటే పది మందిలో ఏడుగురు ఆ దారిలో వెళ్లలేదు.

వాళ్లెలా ఆపగలిగారు?

బైరన్ ఎగెలాండ్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనం తల్లుల గురించి ఇదే ప్రశ్న వేసింది. హింసను ఆపగలిగిన తల్లుల్లో మూడు విషయాలు ఎక్కువగా కనిపించాయి: చిన్నప్పుడు అండగా నిలిచిన పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండటం, మానసిక చికిత్స తీసుకోవడం, తోడుగా నిలిచే జీవిత భాగస్వామి ఉండటం. ఆ ఒక్కరు అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, టీచర్ కావచ్చు. బాల్యాన్ని మార్చలేం కానీ, మిగతా రెండూ ఇప్పుడైనా సాధ్యమే.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

కేంద్ర ప్రభుత్వం 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు తేలింది. ఇంట్లో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. ‘దండం దశగుణం భవేత్’ అంటూ దీన్ని క్రమశిక్షణగా సమర్థించుకుంటాం కాబట్టే బయటకు రాదు.

చట్టం ఏం చెబుతోంది?

* పిల్లల సంరక్షణ చూడాల్సినవారే హింసిస్తే జువైనల్ జస్టిస్ చట్టం-2015 సెక్షన్ 75 కింద మూడేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష జరిమానా, లేదా రెండూ.
* బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం-2009 సెక్షన్ 17 నిషేధించింది.
* లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై మాత్రం చర్యలు ఉండవు.

పిల్లల కోసం ఎవరిని సంప్రదించాలి?

పక్కింట్లో పసివాడి ఏడుపు రోజూ వినిపిస్తుంటే 1098కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం. రుజువులు మీరు సేకరించాల్సిన పనిలేదు. ప్రాణాపాయం అనిపిస్తే 112కు చేయండి. లైంగిక వేధింపుల కేసుల్లో హాకా భవన్‌లోని భరోసా కేంద్రానికి వెళ్లొచ్చు. పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట అందించేందుకు 2016లో దీన్ని ప్రారంభించారు. అమీర్‌పేట నుంచి మెట్రో రెడ్ లైన్‌లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గర.

పెద్దయ్యాక సాయం కావాలంటే?

టెలి-మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. నేరుగా డాక్టర్‌ను కలవాలంటే పంజాగుట్టలో నిమ్స్ సైకియాట్రీ విభాగం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మెట్రోలో అమీర్‌పేట నుంచి మూడో స్టేషన్. అక్కడికి వెళ్లడమంటే ‘పిచ్చి’ అన్న ముద్రకు భయపడి ఆగిపోకండి.

చిన్నప్పటి లైంగిక వేధింపుపై ఇప్పుడు ఫిర్యాదు చేయొచ్చా అన్న సందేహమూ చాలామందికి ఉంటుంది. పోక్సో కింద ఫిర్యాదుకు కాలపరిమితి లేదని కేంద్రం 2018లో స్పష్టం చేసింది. అయితే ఆ చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన వాటికి పాత చట్టాలు వర్తిస్తాయి కాబట్టి న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100లో సలహా అడగండి.

మీరే తల్లిదండ్రులైతే?

చెయ్యి లేస్తోందని తెలిసిన క్షణంలో బిడ్డను ఇంట్లో మరొకరికి అప్పగించి గది బయటకు రండి. ఒకవేళ కొట్టేస్తే, కోపం తగ్గాక ‘‘తప్పు నాదే’’ అని బిడ్డకు చెప్పండి. ఇది పదేపదే జరుగుతుంటే 14416కు ఫోన్ చేయండి. కేసు పెట్టడానికి కాదు, మీకు సాయం చేయడానికే ఆ నంబరు.